కలెక్టర్ గారూ, మా పాత చీరలకు ఒక పని ఇప్పించండి

నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,

కోయిలకుంట్ల నుంచి రాస్తున్నాను, ఇక్కడ కుట్టుపని నేర్పుతాను.

సోమవారం సోమవారం మీ ముందుకొచ్చే అర్జీల్లో భూముల సర్వేలు, పింఛన్లు, రోడ్లు, తాగునీళ్ళు ఉంటాయి. నేను అడగబోయేది ఒక దుప్పటి గురించి. దీన్ని అర్జీగా రాసి వరసలో నిలబడి ఇవ్వవచ్చు. కానీ ఇందులో మీరు చేయవలసింది కొంత, మా ఊరి ఆడవాళ్ళు చేయవలసింది కొంత, పిల్లల తల్లులు తెలుసుకోవలసింది చాలా ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఒంటిమీద బరువు ఆనితే నెమ్మది కలుగుతుంది. గోడకూ బీరువాకూ నడుమ ఇరుక్కుని కూర్చునే పిల్లలు, పరుపు కిందికి దూరే పిల్లలు, మే నెల ఎండల్లో కూడా దుప్పటి మీద దుప్పటి వేస్తే తప్ప పడుకోని పిల్లలు ఉన్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. బంధువులు దాన్ని మొండితనం అంటారు, తల్లి గారాబం అంటారు. అది మొండితనం కాదు. కండరాలకు, కీళ్ళకు తగిలే ఒత్తిడిని బట్టి మన శరీరం తాను ఎక్కడ, ఎలా ఉందో తెలుసుకుంటుంది. ఆ కబురు సరిగా అందని పిల్లలు దాన్ని తామే వెతుక్కుంటారని ఆక్యుపేషనల్ థెరపిస్టులు చెబుతారు. అమెరికాలో జీన్ ఆయర్స్ అనే థెరపిస్టు 1960, 70లలో ఈ ఆలోచనకు ఒక శాస్త్ర రూపం ఇచ్చారు.

దీన్ని మన రైతులకు చెప్పడానికి నేను టెంపుల్ గ్రాండిన్ కథ చెబుతాను. ఆమె ఆటిజంతో పుట్టిన మనిషి. చిన్న వయసులో అరిజోనాలో బంధువుల పశువుల క్షేత్రానికి వెళ్ళినప్పుడు, టీకా వేయడానికి ఆవును రెండు పలకల మధ్య నొక్కి నిలబెట్టే బోను చూసింది. అందులోకి వెళ్ళిన పశువుల్లో కొన్ని బెదురు తగ్గి కుదుటపడటం గమనించింది. తన కంగారు తగ్గించుకోవడానికి అలాంటిదే చెక్కలతో తనకొకటి తయారు చేసుకుంది. తర్వాత పశుశాస్త్రంలో ప్రొఫెసర్ అయ్యింది. మన పశువుల ఆసుపత్రుల ముందు ఇనుప గొట్టాల బోను చూడని రైతు లేడు కాబట్టి ఈ మాట మన దగ్గర ఇట్టే అర్థమవుతుంది.

ఆ ఒత్తిడినే మెత్తగా ఇచ్చేది బరువు దుప్పటి. థెరపిస్టులు, ప్రత్యేక అవసరాల పిల్లల తల్లులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే. 2017లో అమెరికాలో గ్రావిటీ అనే కంపెనీ జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసి అమ్మకానికి పెట్టాక అది పేరున్న సరుకైంది. 2018లో టైమ్ పత్రిక ఆ ఏటి మేలైన ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డరు పెడితే మన ఊరికీ వస్తుంది. వచ్చేది ఎక్కువగా పాలియెస్టర్ గుడ్డ రెండు పొరలు, మధ్యలో గాజు పూసలు. ధర వేలల్లో ఉంటుంది. ఎండాకాలంలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో తరచూ కనిపించే నంద్యాల జిల్లాలో, కరెంటు పోయిన రాత్రి ఆ పాలియెస్టర్ కింద ఒక పిల్లవాణ్ణి పడుకోబెట్టమని ఏ తల్లికీ నేను చెప్పలేను.

ముందుగా ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఇది మందు కాదు. బ్రిటన్‌లో ఆటిజం ఉండి నిద్ర పట్టని 67 మంది పిల్లల మీద ఒక పరిశీలన జరిగింది, 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. రెండు వారాలు బరువు దుప్పటి, రెండు వారాలు మామూలు దుప్పటి ఇచ్చి నిద్రను యంత్రంతో కొలిచారు. బరువు దుప్పటి వల్ల నిద్ర పొడవు పెరగలేదు, తొందరగానూ పట్టలేదు. కానీ పిల్లలూ తల్లిదండ్రులూ బరువు దుప్పటే బాగుందన్నారు. స్వీడన్‌లో 2020లో వచ్చిన ఇంకో పరిశీలన పెద్దవాళ్ళ మీద. కుంగుబాటు, ఆందోళన, ఏకాగ్రత లోపం వంటివి ఉండి నిద్రలేమితో బాధపడే 120 మందికి నాలుగు వారాలు ఇచ్చారు. గొలుసులు నింపిన బరువు దుప్పటి కప్పుకున్నవాళ్ళకు నిద్రలేమి బాగా తగ్గింది. రెండూ కలిపి చూస్తే నాకు తోచింది ఇది: దీన్ని వైద్యం పేరుతో అమ్మేవాళ్ళను నమ్మకూడదు. పిల్లవాడికి హాయిగా ఉందని వాడే చెబుతున్నప్పుడు ఆ హాయిని కాదనకూడదు. ఒక పిల్లవాడు బడిలో ఇంకో పావుగంట కుదురుగా కూర్చోగలిగితే, సాయంత్రం తల్లి అరగంట వెన్ను వాల్చగలిగితే అది చిన్న విషయం కాదు. ఆ ఇళ్ళలో నిద్రలేని తల్లుల ముఖాలు చూసినవాళ్ళెవరూ దాన్ని చిన్నదని అనరు.

ఇక దుప్పటి దగ్గరికి వస్తాను. సీమలో బొంత లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరసగా కుట్టిన బొంత మంచి బరువు తూగేది. కురుబల గొంగడి ఇంకో రకం బరువు. అది గొర్రె బొచ్చుతో నేసింది కాబట్టి గరుకు. చర్మానికి ఏది తగిలినా ఉలిక్కిపడే పిల్లలకు పనికిరాదు. బొంత మెత్తన, కానీ గాలి ఆడదు, ఉతికితే లోపలి పొరలు ఆరవు. కొక్కెం సూదితో అల్లే క్రోషియా దుప్పటి ఈ రెండిటి లోపాలనూ తీరుస్తుంది. అల్లిక కాబట్టి గాలి ఆడుతుంది. నూలుతో చేస్తే బరువు ఆ నూలుదే అవుతుంది, లోపల నింపవలసింది ఏమీ ఉండదు. నింపింది లేకపోతే చిరిగి బయటపడేదీ, పిల్లవాడు నోట్లో పెట్టుకునేదీ ఉండదు.

నింపడం గురించి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఇంట్లో చేసుకోవాలనుకున్న ప్రతి తల్లికీ మొదట వచ్చే ఆలోచన గింజలే. మన నల్లరేగడిలో పత్తి తగ్గి శనగ పెరిగింది. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన శనగ రకాలు కోయిలకుంట్ల, సంజామల, అవుకు మండలాల్లో అందరికీ తెలుసు. ఇంట్లో మూటలుంటాయి, బరువూ ఉంటుంది. సంచులు కుట్టి నింపేద్దామనిపిస్తుంది. అమ్మా, వద్దు. నెల తిరక్కముందే పుచ్చు పడుతుంది. ఉతకడానికి లేదు. పిల్లవాడు రాత్రి తడిపితే మొలకెత్తడమో బూజు పట్టడమో ఖాయం. గింజ ఒకటి బయటికొచ్చి ముక్కులోకో గొంతులోకో పోతే ప్రాణానికే ముప్పు. కొర్రలు, బియ్యం, ఏటి ఇసుక కూడా వద్దు.

ఊలు కూడా వద్దు. మన టౌన్లలో రంగురంగుల ఉండలుగా అమ్మే ఊలు చాలావరకు అక్రిలిక్. అది తేలిక, ఒంటికి ఉక్క, నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది. నూలు అక్రిలిక్ కంటే బరువైన పోగు. ఒకే పరిమాణానికి మూడో వంతు దాకా ఎక్కువ తూగుతుంది. ఒకప్పుడు నంద్యాల, కోయిలకుంట్ల పత్తిని వ్యాపారులు నార్తర్న్స్ అనే ప్రత్యేకమైన పేరుతో కొనేవారు, బళ్ళారి, అనంతపురం వైపు పత్తిని వెస్టర్న్స్ అనేవారు. పత్తికి ఒక పేరు తెచ్చిన నేల మీద ఉండి, మన పిల్లల ఒంటి మీదికి ప్లాస్టిక్ పోగు కొనుక్కురావడం నాకు మనస్కరించదు.

పాత నూలు చీరలే దారం. ఐదున్నర మీటర్ల చీర, పన్నా 45 అంగుళాలు, అరకిలో అటూ ఇటూగా తూగుతుంది. అంగుళం వెడల్పున పొడుగునా చింపితే 45 పేలికలు వస్తాయి. అంటే ఒక్క చీరకు సుమారు 250 మీటర్ల దారం. ఒక చివర నుంచి చింపుకుంటూ పోయి, రెండో చివరకు అంగుళం ఉందనగా ఆపి, అక్కడి నుంచి వెనక్కి చింపితే పేలిక తెగకుండా ఒకటే దారంగా వస్తుంది, ముడులు ఉండవు. జరీ అంచు తీసేయాలి, గీసుకుంటుంది. చివికిపోయిన చోటు వదిలేయాలి, అల్లేటప్పుడు తెగుతుంది. పాలియెస్టర్ కలిసిన చీర చింపితే తిన్నగా చిరగదు, చెయ్యి పెడితేనే జారుడు తెలుస్తుంది, దాన్ని పక్కన పెట్టేయండి. చింపేముందు వేడినీళ్ళలో ఉతికి ఎండబెట్టుకోవాలి. కుంగేది ముందే కుంగిపోతుంది, తర్వాత దుప్పటి కొలత మారదు.

లేసు అల్లే సన్న స్టీలు సూది దీనికి చాలదు. చిటికెనవేలంత లావు, అంటే పది మిల్లీమీటర్ల సూది కావాలి. దొరక్కపోతే మన వడ్రంగి చేత టేకు పుల్లకు కొన దగ్గర కొక్కెం చెక్కించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దించుకోవచ్చు. గొలుసు కుట్టుతో మొదలుపెట్టి పిల్లవాడి మెడ కింది నుంచి పాదాల దాకా, అడ్డంగా భుజాల కంటే ఒక జానెడు ఎక్కువ వచ్చేలా చూసుకోవాలి. చిన్న పిల్లలకు 90 సెంటీమీటర్లు అడ్డం, 120 పొడవు సరిపోతుంది. మంచం పక్కలకు వేలాడకూడదు. వేలాడిన బరువు దుప్పటిని కిందికి లాగేస్తుంది, పిల్లవాడి మీద ఏమీ మిగలదు. మొదటి గొలుసు బిగించి అల్లితే అంచు ముడుచుకుపోతుంది, చేయి వదిలి అల్లాలి. తర్వాతి వరసలు మాత్రం దట్టంగా, ఒంటి కుట్టుతోనే. పొడుగు కుట్లు వేస్తే అందంగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. కానీ ఆ కన్నాల్లో పిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి. కుచ్చులు, పూసలు, అద్దాలు, బొత్తాలు ఏవీ వద్దు. ఒక చీర అయిపోయి ఇంకోటి కలపాల్సి వచ్చినప్పుడు ముడి వేయకుండా, రెండు కొసల్లోనూ చిన్న చీలిక పెట్టి ఒకదానిలోంచి ఒకటి దూర్చి లాగితే గట్టిగా పడుతుంది, ఒంటికి గుచ్చుకోదు.

బరువు ఎంత ఉండాలన్నది ముఖ్యం. మామూలుగా చెప్పే లెక్క పిల్లవాడి బరువులో పదో వంతు. 20 కిలోల పిల్లకు 2 కిలోలు, అంటే నాలుగు చీరలు, దాదాపు ఒక కిలోమీటరు పేలిక. ఇక్కడే అల్లిక గొప్పతనం ఉంది. పూసల దుప్పటి కొన్నాక దాని బరువు మార్చలేం. ఇది అల్లుతూ అల్లుతూ కిరాణా కొట్టు కాటాలో తూచుకోవచ్చు. కిలో దగ్గర ఆపి, ముందు ఒళ్ళో వేసి చూడవచ్చు. వాడికి నచ్చితే ఇంకో చీర కలపవచ్చు. ఏడాది తర్వాత పిల్లవాడు పెరిగితే కింద నాలుగు వరసలు జోడించవచ్చు. వద్దనుకుంటే విప్పేయవచ్చు, పేలిక వృథా కాదు. నా దగ్గర కుట్టుపని నేర్చుకునే అమ్మాయి ఒకామె తన తమ్ముడికి ఇలాంటిదే అల్లింది. ఆ పిల్లవాడు ఛాతీ మీద వేస్తే తోసేస్తాడు, మోకాళ్ళ నుంచి పాదాల దాకా వేస్తే అలాగే ఉంచుకుంటాడు. ఆమె సగం విప్పేసి కాళ్ళకు సరిపోయేంతే ఉంచింది. కొన్న దుప్పటితో అది కుదిరేదా?

ఇంకో సంగతి ఉంది, ఇది ఏ కంపెనీ ఇవ్వలేనిది. ఆ చీరలు వాడి అమ్మవీ, అవ్వవీ. కొత్త గుడ్డ వాసనకే ఏడ్చే పిల్లలుంటారు. వాళ్ళకు తెలిసిన వాసన, తెలిసిన మెత్తదనం అందులో ఉంటాయి. అందుకే పాత చీరలు ఎక్కడివైనా సరే అని నేను అనను. వీలైనంతవరకు ఆ ఇంటివే కావాలి.

ఉతకడం బరువైన పనే. నూలు నీళ్ళు పీల్చి రెట్టింపుకు పైగా బరువెక్కుతుంది. ఇద్దరు పట్టి పిండాలి. దండెం మీద వేస్తే సాగిపోతుంది, నవారు మంచం మీద పరిచి ఆరబెట్టాలి. మన ఎండకు ఒక్క పూట చాలు.

ఇప్పుడు తల్లులకూ టీచర్లకూ చెప్పక తప్పనివి, దయచేసి జాగ్రత్తగా చదవండి. 2008లో కెనడాలోని క్విబెక్‌లో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ళ బాబు బడిలో బరువు దుప్పటిలో చుట్టి ఉంచగా ఊపిరాడక చనిపోయాడు. అది దుప్పటి కప్పడం కాదు, కట్టిపడేయడం. అల్లరి మాన్పడానికి, కదలకుండా చేయడానికి, శిక్షగా దీన్ని వాడటం నేరం. పిల్లవాడు తన చేతులతో తానే తీసేసుకోగలిగితేనే ఇది వాడికి దుప్పటి, లేకపోతే ముప్పు. తల మీదికి, ముఖం మీదికి రాకూడదు. చుట్టకూడదు, ఒంటి కింద దోపకూడదు. పసిపిల్లలకు అసలు వద్దు. బరువు పెట్టిన దుప్పట్లు, సంచులు పసికందులకు వాడవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో స్పష్టంగా చెప్పింది. మూర్ఛలు వచ్చే పిల్లలు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలు, చేతుల్లో బలం తక్కువైన పిల్లలు డాక్టర్ చెప్పకుండా వాడకూడదు. మొదట్లో పగటిపూట, పెద్దవాళ్ళు పక్కనుండగా, పది పదిహేను నిమిషాలు చాలు. చెమట పట్టినా, ముఖం ఎర్రబడినా, వాడు వద్దని తోసినా వెంటనే తీసేయాలి. మాటలు రాని పిల్లలకు తోసేయడమే మాట.

కలెక్టర్ గారూ, అల్లిక నేర్పేవాళ్ళు ఎక్కడి నుంచి రావాలని మీరు అడగవచ్చు. మన రాష్ట్రంలోనే ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీలు నరసాపురం ఆడవాళ్ళకు క్రోషియా నేర్పారు. గోదావరి ఒడ్డున ఊరూరికీ పాకిన ఆ లేసు విదేశాలకు వెళ్ళింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. క్రోషియాను అచ్చంగా అల్లే యంత్రం ఇప్పటికీ లేదు. ప్రపంచంలో ఎక్కడ ఏ దుకాణంలో అసలైన క్రోషియా గుడ్డ కనిపించినా అది ఎవరో ఒక మనిషి చేతిపనే.

అయితే నరసాపురం నుంచి అల్లిక తెచ్చుకునేటప్పుడు అక్కడి అన్యాయం తెచ్చుకోకూడదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడి లేసు అల్లేవాళ్ళ మధ్య తిరిగి పరిశోధన చేశారు. 1982లో ఆ పుస్తకం వచ్చింది. ఆ ఆడవాళ్ళు రోజంతా ఇంటి పనితో పాటు గంటల తరబడి అల్లేవారు. లెక్కల్లో మాత్రం వాళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళు. కూలి నామమాత్రం. దారం ఇచ్చి సరుకు తీసుకుపోయే దళారులు, ఎగుమతిదారులు బాగుపడ్డారు. మన దగ్గర కూడా ఆడవాళ్ళ చేతిపని అనగానే మధ్యాహ్నాలు ఖాళీయే కదా అనే మాట వస్తుంది. ఆ మాటతో మొదలైన ఏ పథకమూ బాగుపడదు. బరువు దుప్పటి అల్లడం భుజాలు లాగేసే పని. అల్లే కొద్దీ ఆ బరువంతా ఒళ్ళోనే ఉంటుంది. పేలికలు చింపడం, ఉతకడం, అల్లడం కలిపి చేయి తిరిగిన మనిషికి నాలుగు పని దినాలు పడుతుందనుకుందాం. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన దుప్పటికి 1,200 రూపాయలు చేతికూలి. అంతకు తక్కువ ఇస్తామంటే మేమే వద్దంటాం. ఈ డబ్బు పిల్లల తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయకూడదు. నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛనుతో ఫిజియోథెరపీకి, మందులకు, నంద్యాలకూ కర్నూలుకూ బస్సు ఛార్జీలకు సర్దుకుంటున్నవాళ్ళు వాళ్ళు.

డబ్బు లేదని మీరు అనరని నా నమ్మకం. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ఏటా గుర్తింపు శిబిరాలు పెట్టి చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, క్యాలిపర్లు ఇస్తున్నారు. అవి తప్పకుండా ఇవ్వాలి. కానీ ఆ శిబిరానికి ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లి చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి వెళుతుంది. వాడి కాళ్ళు బాగానే ఉంటాయి, చెవులు బాగానే ఉంటాయి, ఇవ్వడానికి వస్తువేమీ ఉండదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి, అందులో ఆటిజాన్ని చేర్చింది. చట్టంలో చోటు దొరికిన పిల్లవాడికి శిబిరం బల్ల మీద కూడా ఏదో ఒకటి ఉండాలి.

ఆదేశం ఇవ్వాల్సింది మీరు కాబట్టి నేను కోరేది సూటిగా చెబుతాను. కోయిలకుంట్లలో ఒక రోజు ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును కూర్చోబెట్టండి. మండలంలో ఆటిజం, మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూసి ఎవరికి బరువు దుప్పటి పనికొస్తుంది, ఎవరికి వద్దు, ఎవరికి ఎంత బరువు అని కాగితం మీద రాసి ఇవ్వమనండి. ఆ కాగితం లేకుండా ఒక్క దుప్పటి కూడా ఎవరికీ ఇవ్వకూడదు. నేను పైన రాసిన జాగ్రత్తలు డాక్టర్ల చేత సరిచూపించి, పెద్ద అక్షరాల తెలుగులో అచ్చు వేయించి, ప్రతి దుప్పటికీ జతచేయాలి. డ్వాక్రా సంఘాల్లో కుట్టుపని తెలిసినవాళ్ళు, మెషిన్లు ఉన్నవాళ్ళు, పని లేక చూస్తున్నవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. నరసాపురం నుంచి ఇద్దరు ఆడవాళ్ళను తగిన వేతనం ఇచ్చి పిలిపిస్తే వారంలో మావాళ్ళకు చేయి కుదురుతుంది. మాకు తెలిసిన బొంత కుట్టు వాళ్ళకూ నేర్పుతాం.

పాత చీరల సంగతి మేము చూసుకుంటాం. కొన్ని ఇళ్ళలో నూలు చీరలు ఇప్పుడు దొరకవు, అంతా సింథటిక్. అలాంటి ఇళ్ళకు ఎమ్మిగనూరు వైపు చూడండి. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ పనికే 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పట్లు మన పాత కర్నూలు జిల్లా పెట్టెల్లో తరాలుగా ఉన్నాయి. ముతక నూలు, మగ్గం మీద మిగిలిన గుడ్డ అక్కడి నేతగాళ్ళ దగ్గర కొంటే వాళ్ళకూ నాలుగు రూపాయలు వస్తాయి. కర్నూలు కలెక్టర్ గారితో మీరు ఒక్క మాట మాట్లాడితే అయ్యే పని ఇది.

ముందు మా ఒక్క మండలంలోనే చేసి చూడండి. ఆరు నెలల తర్వాత పిల్లల తల్లుల్ని కూర్చోబెట్టి అడగండి: వాడు వాడుతున్నాడా, పక్కన పారేశాడా, బడిలో ఏమైనా తేడా ఉందా, మీకేమైనా ఊరట దొరికిందా అని. వాళ్ళు వద్దంటే ఆపేయండి, మేము అభ్యంతరం చెప్పం. బాగుందంటే ఆళ్ళగడ్డకు, బనగానపల్లెకు, డోన్‌కు, ఆత్మకూరుకు తీసుకెళ్ళండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి థెరపిస్టు రాసిచ్చిన మొదటి కాగితాలు మా చేతికందేలా చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివిన అక్కచెల్లెళ్ళకు నా మనవి ఒక్కటే: అటక మీదున్న పాత నూలు చీరలు పాత సామాన్ల వాళ్ళకు వేసేయకండి, ఉతికి మడిచి పెట్టండి.

ఇట్లు,
కోయిలకుంట్ల కుట్టుపని టీచరు